రేడియేషన్ దంతక్షయం

తల, మెడ భాగాల క్యాన్సర్లకు రేడియోథెరపీ (కిరణ చికిత్స) పొందినవారిలో వేగంగా వ్యాపించే పిప్పిపళ్ళ వ్యాధిని రేడియేషన్ దంతక్షయం అంటారు. చికిత్స ముగిసిన మూడు నెలలలోనే ఇది కనిపించవచ్చును. ముందుగా జాగ్రత్తపడితే దీనిని చాలావరకు నివారించవచ్చును.

కారణాలు

ఆరోగ్యవంతుల నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటర్ల లాలాజలం ఊరుతుంది. ఇది ఆమ్లాలను తటస్థపరుస్తుంది, ఆహారపు తునకలను కడిగివేస్తుంది, పంటి పైపొర అయిన ఎనామిల్‌కు కాల్షియం, ఫాస్ఫేట్‌లను తిరిగి అందిస్తుంది.

ఈ క్యాన్సర్లకు సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, 6 నుండి 7 వారాలపాటు మొత్తం 60 నుండి 70 గ్రేల కిరణాలు ఇస్తారు. చెవుల ముందుండే పెరోటిడ్ వంటి లాలాజల గ్రంథులు కిరణాల దారిలో ఉన్నచో లాలాజలం తగ్గి, చిక్కబడుతుంది. మోతాదు ఎక్కువైతే ఈ నష్టం శాశ్వతం కావచ్చును. అప్పుడు ఆమ్లాన్ని పుట్టించే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్ బాక్టీరియాలు పెరుగుతాయి. నోటి పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గినపుడు ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నోటిపూత వలన రోగి మెత్తని, తీపి పదార్థాలకు అలవాటుపడటం కూడా క్షయానికి తోడ్పడుతుంది.

లక్షణాలు

ఈ క్షయం చిగుళ్ళకు ఆనుకొని ఉన్న పంటి మెడ వద్ద, కొరికే అంచులపై మొదలవుతుంది. మామూలుగా క్షయం అంతగా సోకని క్రింది ముందుపళ్ళను కూడా వదలదు. పంటి మెడ చుట్టూ వ్యాపించి చివరకు పన్ను పైభాగం విరిగిపోవచ్చును. తరచుగా నొప్పి ఉండదు కనుక రోగి ఆలస్యంగా గుర్తిస్తాడు.

నివారణ ప్రాముఖ్యత

కిరణాలు సోకిన దవడ ఎముకలో రక్త ప్రసరణ తగ్గుతుంది. అటువంటి చోట పన్ను పీకితే గాయం మానక ఎముక చనిపోవచ్చును. దీనిని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. ఈ ముప్పు చికిత్స జరిగిన ఏళ్ళ తరువాత కూడా తొలగిపోదు. అందుచేత పన్ను పుచ్చిన తరువాత పీకించుకోవచ్చుననే ధోరణి ఈ రోగులకు ప్రమాదకరం.

చికిత్సకు ముందు

* దంతవైద్యునిచే పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోవాలి.
* నిలువని పళ్ళను కిరణ చికిత్సకు కనీసం రెండు వారాల ముందే తీయించి గాయం మాననివ్వాలి. పుచ్చిన మిగతా పళ్ళను పూడ్పించుకోవాలి.
* వీలైనచోట లాలాజల గ్రంథులకు తక్కువ కిరణాలు సోకే ఐ.ఎమ్.ఆర్.టి. పద్ధతి గురించి వైద్యునితో చర్చించాలి.

చికిత్స సమయంలో, తరువాత

* మెత్తని బ్రష్‌తో రోజుకు కనీసం రెండుసార్లు పళ్ళు తోముకోవాలి.
* దంతవైద్యుడు సూచించిన 1.1 శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్‌ను పళ్ళ అచ్చుకు సరిపడే తొడుగులో వేసి రోజూ 5 నుండి 10 నిమిషాలు ఉంచుకొని ఉమ్మివేయాలి. తరువాత అరగంట వరకు ఏమీ తినరాదు, త్రాగరాదు. లాలాజలం తిరిగి ఊరనిచో ఈ అలవాటు జీవితాంతం అవసరం.
* మాటిమాటికీ నీరు గుక్కెడు చొప్పున త్రాగాలి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలవచ్చును.
* తీపి తినుబండారాలు, చల్లని పానీయాలు తగ్గించాలి. పొగాకు, గుట్కా పూర్తిగా మానాలి.
* కొన్ని నెలలకొకసారి దంతపరీక్ష చేయించుకోవాలి.

నల్గొండ వంటి ఫ్లోరోసిస్ ప్రాంతాలవారికి ఫ్లోరైడ్ పట్ల భయం సహజం. అయితే ఫ్లోరోసిస్ అనేది త్రాగునీటితో ఏళ్ళ తరబడి శరీరంలో చేరిన ఫ్లోరైడ్ వలన కలుగుతుంది. జెల్ పళ్ళపై ఉంచి ఉమ్మివేసేదే కాని మ్రింగేది కాదు.