విహారనౌక యెక్కుటకు ముందు

2022 జూన్ నెలలో విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు విహారనౌక నడచినది మొదలు, ఇంటిల్లిపాదియు సముద్రయానము చేయుటెట్లని నన్నడుగు పెద్దలు కలరు. వారికి నేను చెప్పునది యిది.

గదికి ఇద్దరు చొప్పున లెక్కించి, తలకింత యని వెల చెప్పుదురు. భోజనము సాధారణముగా అందులోనే చేరును. రేవు సుంకములును, తీరమున చూడబోవు స్థలముల ఖర్చును తరచు వేరుగా నుండును. కావున మొత్తమెంతయో, ప్రయాణము మానుకొన్నచో తిరిగి వచ్చునదెంతయో వ్రాతమూలముగా తెలిసికొన్న పిమ్మటనే పైకము చెల్లింపుడు.

పరదేశపు రేవులకు పోవునప్పుడు పసిబిడ్డకైనను పాస్‌పోర్టు వలయును. ఓడ కదలుటకు ముందుగానే ద్వారము మూయుదురు గనుక, ముందునాడే రేవుపట్టణము చేరుట మేలు.

ఎక్కిన పిమ్మట, ఆపత్కాలమున ఎక్కడ చేరవలెనో, రక్షణకవచము నెట్లు తొడుగుకొనవలెనో సిబ్బంది నేర్పుదురు. వృద్ధులమని గదిలో నుండిపోరాదు. 2012 జనవరి 13వ తేదీన ఇటలీ తీరమున కోస్టా కాంకార్డియా యను నౌక రాతికి తగిలి యొరగగా 32 మంది మరణించిరి. ఆ దినముననే యెక్కిన పలువురకు ఈ అభ్యాసము అప్పటికింకను జరుగలేదు. నేడు ఓడ కదలుటకు ముందే గాని, కదలిన వెంటనే గాని దీనిని జరుపవలెనని అంతర్జాతీయ నిబంధన కలదు. మనుమల చేయి పట్టుకొని మీరును తప్పక పొండు.