సుస్థిర నగరాలకు వార్డే పునాది
కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల ప్రణాళికల్లో ప్రజల భాగస్వామ్యం

పట్టణ ప్రణాళిక అనగానే పటాలు, రహదారుల వెడల్పు, భవన నిర్మాణ అనుమతులు స్ఫురించడం సహజం. అయితే ఏ వీధిలో వాననీరు నిలుస్తున్నదో, ఏ కుళాయికి నీరందడం లేదో ముందుగా ఎరిగినవారు అక్కడి నివాసులే. వారి అనుభవానికి ప్రణాళికలో స్థానం కల్పించినప్పుడే చేసిన వ్యయం సార్థకమవుతుంది.

చట్టబద్ధమైన అవకాశం

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా 12వ షెడ్యూలులో 18 అంశాలు చేరాయి. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక. వార్డు కమిటీలను మాత్రం 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలకే ఆ సవరణ తప్పనిసరి చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్ నగరపాలక సంస్థ జనాభా సుమారు 2.61 లక్షలు, ఆదిలాబాద్ పురపాలక సంఘం జనాభా సుమారు 1.17 లక్షలు. అందువల్ల ఈ రెండూ ఆ పరిధిలోకి రాలేదు.

ఈ లోటును 2019 తెలంగాణ పురపాలక చట్టం పూరించింది. ప్రతి వార్డులో యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో 15 మంది చొప్పున నాలుగు కమిటీలను ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. 2020 నాటి విభజన ప్రకారం కరీంనగర్‌లో 60 డివిజన్లు, ఆదిలాబాద్‌లో 49 వార్డులు ఉండేవి. ఆ లెక్కన కరీంనగర్‌లో 3,600 మందికి, ఆదిలాబాద్‌లో 2,940 మందికి పురపాలనలో పాలుపంచుకునే అవకాశం కలిగింది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూడాలని కూడా ఈ చట్టం నిర్దేశించింది.

కరీంనగర్: నిర్వహణే పరీక్ష

2015లో ప్రారంభమైన స్మార్ట్ సిటీ పథకానికి కరీంనగర్ 2017 జూన్‌లో ఎంపికైంది. ప్రజాభిప్రాయ సేకరణ ఆ ఎంపిక ప్రక్రియలో అంతర్భాగం. పథకం 2025 మార్చి 31తో ముగిసింది. నిర్మించిన రహదారులను, పార్కులను కాపాడుకునే బాధ్యత ఇక నగరానిదే.

నగరానికి తాగునీటి ఆధారం దిగువ మానేరు జలాశయం. అదే మానేరు తీరాన, ఆటోనగర్ వద్ద, ఏళ్ల తరబడి చెత్త పేరుకుపోయింది. పాత కుప్పను తొలగించడం యంత్రాలతో సాధ్యమే. కొత్త కుప్ప పెరగకుండా ఉండాలంటే మాత్రం తడిచెత్త, పొడిచెత్త ఇంటివద్దనే వేరుకావాలి. 2016 నిబంధనలు దీనిని తప్పనిసరి చేసినా, ఆచరణ గృహస్థుల చేతిలోనే ఉన్నది.

ఆదిలాబాద్: నేలను ఎరిగిన ప్రణాళిక

అమృత్ పథకంలో చేరిన పట్టణాల్లో ఆదిలాబాద్ ఒకటి. తాగునీరు, మురుగునీటి పారుదల, వరదనీటి కాలువలు ఈ పథకం ప్రధానాంశాలు. ఇక్కడి నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఇటువంటి నేలలో కాలువ వాలు, రోడ్డు పునాది నిర్ణయించే ముందు వాననీటి దారులను స్థానికుల ద్వారా తెలుసుకోవడం ఇంజనీర్లకు ఎంతో మేలు చేస్తుంది.

చేయవలసినది

కమిటీలు కాగితాలకే పరిమితమైతే చట్టం ఆశయం నెరవేరదు. సమావేశ తేదీని ముందుగా ప్రకటించాలి. పనుల అంచనాలను, పటాలను తెలుగులో వార్డులోనే ప్రదర్శించాలి. తీర్మానాన్ని అంగీకరించినా, తిరస్కరించినా కారణం తెలియజేయాలి. 2007లో ఏర్పడిన మెప్మా పరిధిలోని మహిళా సంఘాలను చర్చల్లో భాగస్వాములను చేస్తే మురికివాడల సమస్యలు కూడా వెలుగులోకి వస్తాయి. తీర్మానాలెన్ని, అమలైనవెన్ని అన్న వివరాలు పత్రికలకు అందుబాటులో ఉంటే ప్రజల విశ్వాసం పెరుగుతుంది. తమ మాటకు విలువ దక్కిన చోటనే ప్రజలు పన్ను సకాలంలో చెల్లిస్తారు, నాటిన మొక్కకు నీరు పోస్తారు.