శాటిలైట్ కమ్యూనికేటర్

శాటిలైట్ కమ్యూనికేటర్ అనగా సెల్‌ఫోన్ సిగ్నల్ అందని కొండలలో, అడవులలో కాలినడకన తిరిగేవారు తమ జాడ తెలుపుటకు, ఆపదలో సహాయం కోరుటకు వాడే చిన్న పరికరము. 2007లో వచ్చిన స్పాట్, 2011లో డెలార్మ్ సంస్థ విడుదల చేసిన ఇన్‌రీచ్ వీటిలో ప్రసిద్ధమైనవి. డెలార్మ్‌ను 2016లో గార్మిన్ సంస్థ కొనుగోలు చేసింది.

పనిచేయు విధానం

జీపీఎస్ గ్రాహకానికి తానెక్కడ ఉన్నదో తెలుస్తుంది గాని, ఆ సంగతి ఇతరులకు చెప్పలేదు. అది ఉపగ్రహ సంకేతాలను స్వీకరిస్తుందే తప్ప తిరిగి పంపదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కమ్యూనికేటర్ మొదట జీపీఎస్ ద్వారా అక్షాంశ రేఖాంశాలను గ్రహించి, పిమ్మట వాటిని వేరొక ఉపగ్రహ వ్యవస్థకు పంపుతుంది. ఇన్‌రీచ్ వాడే ఇరిడియం వ్యవస్థలో సుమారు 780 కి.మీ. ఎత్తున ధ్రువాల మీదుగా తిరిగే 66 ఉపగ్రహాలు ఉన్నాయి. అవి ఆకాశంలో ఒకచోట నిలిచి ఉండవు. కనుక ఇరుకు లోయలలో, దట్టమైన చెట్ల క్రింద సందేశం ఆలస్యం కావచ్చును.

జాడ తెలుపుట

పరికరం నిర్ణీత వ్యవధికొకసారి, ఉదాహరణకు పది నిమిషాలకు, తన స్థానాన్ని పంపుతుంది. ఇంటివారికి అది పటం మీద చుక్కల బాటగా కనిపిస్తుంది. కొత్త చుక్క రానంత మాత్రాన ప్రమాదం జరిగినట్లు కాదు. బ్యాటరీ అయిపోయినా, పరికరం సంచి అడుగున పడి ఉన్నా చుక్క రాదు. ఈ సంగతి ముందుగానే ఇంట్లో చెప్పి, ఎన్ని గంటలు వేచి చూడాలో, ఆపైన ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద వ్రాసి ఇవ్వవలెను. పరికరం కొన్నవారు సాధారణంగా మరచేది ఈ కాగితాన్నే.

ఎస్ఓఎస్ మీట

ఈ మీట నొక్కినచో సందేశం రేయింబవళ్లు పనిచేసే ఒక కేంద్రానికి చేరుతుంది. ఆ కేంద్రం స్థానిక రక్షణ సిబ్బందికి కబురు చేస్తుంది. ఇన్‌రీచ్‌లో జవాబు కూడా వస్తుంది. కాలు విరిగినదా, దారి తప్పినారా, ఎంతమంది ఉన్నారు అని వారు అడిగి తెలుసుకోగలరు. అయితే నెలవారీ లేదా వార్షిక చందా చెల్లించనిదే ఈ సౌకర్యం ఉండదు. 406 మెగాహెర్ట్జ్‌పై కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలకు సంకేతం పంపే లొకేటర్ బీకన్లకు చందా లేదు, కాని వాటితో మాటలు వ్రాసి పంపలేము. ఏ పరికరమైనా సంచిలో కాక ఒంటి మీద ఉండవలెను. జారిపడినప్పుడు సంచి ఒకచోట, మనిషి ఒకచోట పడవచ్చును.

భారతదేశంలో

అమెరికా వంటి దేశాలలో ఈ పరికరాన్ని ఎవరైనా కొని వాడుకొనవచ్చును. భారతదేశంలో మాత్రం టెలికమ్యూనికేషన్ల శాఖ ముందస్తు అనుమతి లేకుండా దీనిని తెచ్చుట, వాడుట చట్టవిరుద్ధం. 2024 డిసెంబరులో ఇన్‌రీచ్ వెంట తెచ్చుకొన్న ఒక విదేశీ యాత్రికురాలిని గోవా విమానాశ్రయంలో అదుపులోకి తీసుకొన్నారు. అక్కడి కొండలలో నడకకు అలవాటుపడిన ప్రవాసాంధ్రులు సెలవులకు వచ్చేటప్పుడు దీనిని సంచిలోనుండి తీసి అక్కడి ఇంటనే ఉంచి రావలెను.