పులి తొక్కిన తీగ

మా నాన్న బిలాస్‌పూర్ లైన్లో గ్యాంగ్‌మన్. చలికాలంలో పొగమంచు దిగిందంటే రాత్రి డ్యూటీకి పటాకాలు పట్టుకెళ్ళేవాడు. అరచేతిలో ఇమిడే గుండ్రటి రేకు బిళ్ళలవి. సిగ్నల్‌కు 270 మీటర్ల ముందు పట్టా మీద వాటిని బిగిస్తే, ఇంజను చక్రం ఎక్కగానే ఢామ్మని పేలతాయి. మంచులో సిగ్నల్ కనబడని డ్రైవరుకు ఆ చప్పుడే కబురు. కొట్టే మనిషి లేకుండా బండి తన బరువుతో తానే మోగించుకునే గంట అది. అడవి జంతువులను ఫోటో తీసే కెమెరా కథ తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పటాకాలే.

ఆ కథ వేటగాళ్ళతో మొదలవుతుంది. అమెరికాలో జార్జ్ షైరాస్ తుపాకీ పక్కన పెట్టి కెమెరా చేతపట్టాడు. మిషిగన్ సరస్సుల మీద రాత్రిళ్ళు పడవలో దీపం పెట్టుకుని తిరుగుతూ, ఆ వెలుగుకు నివ్వెరపోయి నిలబడ్డ జింకలను మెగ్నీషియం మెరుపులో బంధించేవాడు. ఆ తర్వాత జంతువులు నడిచే దారికి అడ్డంగా దారం కట్టి, దాన్ని కెమెరాకు తగిలించాడు. వేటగాళ్ళు ఉచ్చు పన్నే పద్ధతే ఇది, ప్రాణం తీయదంతే. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ ఆయన ఫోటోలు 74 వేసింది.

మన దేశంలో ఆ తీగను పులి దారిలో కట్టినవాడు ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో అటవీ అధికారి. దొర హోదాను గోడకు వేలాడే పులి చర్మాలతో కొలిచే రోజులవి. ఆయనకు మాత్రం చంపడం రుచించలేదు. శివాలిక్ కొండల దిగువ అడవుల్లో పులి రోజూ నడిచే బాట వెతికి, సన్నటి తీగ కట్టి, పక్కన కెమెరా, మెరుపు మందు అమర్చి ఇంటికి వెళ్ళిపోయేవాడు. తీగ కదిలితే మందు భగ్గుమంటుంది, ఆ క్షణంలోనే షట్టర్ పడుతుంది. రాత్రికి ఒకే అవకాశం. ముళ్ళపందో దుప్పో ముందొచ్చి తీగ తొక్కిందా, ఆ ఫోటో ప్లేటు దానికే ఖర్చు. వెనకాల పులి వచ్చినా చీకట్లోనే దాటిపోతుంది. మందు చెమ్మగిల్లితే అదీ లేదు. ఇలా ఏళ్ళ తరబడి కాచుకున్నాక, 1925 అక్టోబరులో ఆయన పులి ఫోటోలు లండన్ పత్రికలో అచ్చయ్యాయి. 1927లో పుస్తకం వచ్చింది. వేటగాడు జిమ్ కార్బెట్ కెమెరా వైపు మళ్ళడానికి ఈ ఫోటోలే ప్రేరణ. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని, చారలను బట్టి ఏది ఏ పులో చెప్పొచ్చని ఛాంపియన్ అప్పుడే గమనించాడు. ఆ మాట విలువ లోకానికి తెలియడానికి మరో అరవై డెబ్భై ఏళ్ళు పట్టింది.

మా ఛత్తీస్‌గఢ్‌కు సినిమా కెమెరా మరో దారిలో వచ్చింది. 1950లలో స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ బస్తర్ వచ్చి, గఢ్‌బెంగాల్ ఊరి మురియా తెగ కుర్రాడు చెంద్రుతో, ఒక పులితో సినిమా తీశాడు. 1957లో విడుదలైంది. చెంద్రు పులితో ఉన్న బొమ్మను ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ప్రేమగా చూస్తారు, నేనూ అంతే. కాకపోతే ఆ పులి మనుషుల మధ్య మెలిగిన పులి. మనిషి జాడ లేనప్పుడు పులి ఎలా ఉంటుందో చెప్పగలిగింది ఛాంపియన్ తీగే.

తర్వాత ఆ తీగా పోయింది. రైల్వేవాళ్ళకు ట్రాక్ సర్క్యూట్ తెలుసు: పట్టాల్లో సన్నగా కరెంటు పారుతుంటుంది, బండి చక్రాలు రెండు పట్టాలనూ కలపగానే రిలే పడిపోయి సిగ్నల్ ఎర్రబడుతుంది. ఇప్పటి కెమెరా ట్రాప్‌లో ఆ పని ఒంటి వేడి చేస్తుంది. చుట్టుపక్కల కన్నా వేడిగా ఉన్నదేదైనా ఎదురుగా కదిలితే సెన్సర్ పసిగట్టి షట్టర్ నొక్కుతుంది. 1990లలో పులుల పరిశోధకుడు ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమెరా ట్రాప్‌లు పెట్టి, చారలను బట్టి పులులను గుర్తుపట్టి, మళ్ళీ మళ్ళీ కనబడ్డవెన్నో, కొత్తగా కనబడ్డవెన్నో చూసి, అసలు కంటపడనివి ఎన్ని ఉండొచ్చో లెక్కకట్టారు. 2018 దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షల ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. ఛాంపియన్ ప్లేట్లను తినేసిన ముళ్ళపందులు ఇప్పటికీ తగ్గలేదన్నమాట!

పులి ఒక్కటే కాదు. 1900 తర్వాత కనబడక, 1986లో మళ్ళీ దొరికిన మన కడప కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట. 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూసుకుంటూ, ఆటోమేటిక్ కెమెరాలతో దాని ఉనికి వెతికారు.

బిలాస్‌పూర్ నుంచి కోటా మీదుగా వెళితే అచానక్‌మార్ అడవి. 1975లో అభయారణ్యం, 2009లో పులుల రిజర్వు అయింది, 914 చదరపు కిలోమీటర్లు. పులి నడిచే బాటకు అటొకటి ఇటొకటి, మోకాలెత్తున, ఎదురెదురుగా కెమెరాలు కడతారు. పులి కుడి పక్క చారలు ఎడమ పక్క ఉండవు కాబట్టి రెండు వైపులా ఒకేసారి తీయాలి. మే నెలలో మాత్రం ఇక్కడి నేల కాగిపోయి, అడవి వేడీ పులి ఒంటి వేడీ దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. అలాంటి మధ్యాహ్నం ఆ రెండు కెమెరాల నడుమ నుంచే పులి నడిచిపోయినా, ఒక్కోసారి కెమెరా కన్ను తెరవదు.