ఫాస్ఫేట్‌ను గుర్తుపట్టే ప్రతిదేహాలు



అండమాన్ దీవుల్లోని బతు బస్తీ వంటి చోట్ల పెరిగినవారికి ఎలుక జ్వరం పేరు కొత్త కాదు. 1980ల చివరి నుంచి ఆ దీవుల్లో వర్షాల తర్వాత వచ్చే ఒక తీవ్ర జ్వరాన్ని, కారణం తెలియక, ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. 1990లలో పోర్ట్ బ్లెయిర్‌లోని (2024 నుంచి శ్రీ విజయ పురం) ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు రోగుల రక్తంలో లెప్టోస్పైరా బాక్టీరియాను గుర్తించే ప్రతిదేహాలు ఉన్నాయని కనుగొన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని అలా తేలింది.

ఇక్కడ ప్రతిదేహం సాక్షి వంటిది. దాన్ని బట్టి రోగకారకాన్ని తెలుసుకున్నాం. కణ పరిశోధనలో ఇదే గుణాన్ని మరోవిధంగా వాడతారు. కావలసిన ప్రతిదేహాన్ని ముందే తయారుచేసుకుని, దానితో కణంలోని ఒక ప్రోటీన్‌ను వెతుకుతారు. అటువంటి ఒక ప్రతిదేహాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

కణం అంచున వంతెనలు

ప్లాస్మాత్వచం కింద ఆక్టిన్ తంతువుల అల్లిక ఉంటుంది. ఇది కణాస్థిపంజరంలో భాగం. త్వచాన్ని, ఈ అల్లికను కలిపే ప్రోటీన్లలో ముఖ్యమైనవి మూడు: ఎజ్రిన్, రాడిక్సిన్, మోయెసిన్. వీటిని కలిపి ఇ.ఆర్.ఎమ్. ప్రోటీన్లు అంటారు. ఎజ్రిన్‌ను 1983లో ఆంథొనీ బ్రెషర్ పేగు కణాల సూక్ష్మచూషకాల నుంచి వేరుచేశారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ స్థాపకుడు ఎజ్రా కార్నెల్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది.

పని లేనప్పుడు ఈ ప్రోటీన్ తల, తోక ఒకదానికొకటి అతుక్కుని, మడిచిన చాకులా ఉంటుంది. తోకలోని ఒక థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ చేరితే ఆ మడత విడిన స్థితి నిలుస్తుంది. అప్పుడు తల త్వచాన్ని, తోక ఆక్టిన్‌ను పట్టుకుంటాయి. ఆ థ్రియోనిన్ ఎజ్రిన్‌లో 567వ స్థానంలో, రాడిక్సిన్‌లో 564వ స్థానంలో, మోయెసిన్‌లో 558వ స్థానంలో ఉంటుంది. ఫాస్ఫేట్‌ను చేర్చేవి కైనేజ్ ఎంజైములు. తీసివేసేవి ఫాస్ఫటేజ్ ఎంజైములు.

ఎంత ఉంది? ఎక్కడ ఉంది?

ఈ ఫాస్ఫేట్ ఏ.టి.పి. నుంచి వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నవారిలోనూ వీరిద్దరూ ఉన్నారు. ఆ పద్ధతి ఫాస్ఫరస్ ఎంత ఉందో చెబుతుంది. ఏ ప్రోటీన్‌లో, ఏ స్థానంలో ఉందో చెప్పడానికి మరో సాధనం కావాలి. అదే ఫాస్ఫో-ప్రతిదేహం.

దీన్ని ఎలా తయారుచేస్తారు? థ్రియోనిన్ చుట్టూ ఉండే కొద్ది అమైనో ఆమ్లాల గొలుసును ఫాస్ఫేట్‌తో సహా ప్రయోగశాలలో తయారుచేసి, కుందేలు వంటి జంతువుకు ఎక్కిస్తారు. జంతువు రక్తంలో తయారైన ప్రతిదేహాల్లో ఫాస్ఫేట్ లేని గొలుసును కూడా పట్టుకునేవాటిని వడగట్టి తీసేస్తారు. ఫాస్ఫేట్ ఉంటేనే పట్టుకునేవి మిగులుతాయి. మూడు ప్రోటీన్లలోనూ ఆ భాగం ఒకేలా ఉంటుంది కనుక ఒకే ప్రతిదేహం మూడింటినీ గుర్తిస్తుంది. ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎజ్రిన్, రాడిక్సిన్ సుమారు 80 కిలోడాల్టన్ల వద్ద, మోయెసిన్ 75 వద్ద పట్టీలుగా కనిపిస్తాయి.

కనిపించకపోతే లేనట్టేనా?

కానే కాదు. కణాన్ని పగలగొట్టగానే అందులోని ఫాస్ఫటేజ్‌లు ఫాస్ఫేట్‌ను ఊడదీయడం మొదలుపెడతాయి. అందుకే ద్రావణంలో వాటిని అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. సూక్ష్మదర్శిని కింద చూడాలన్నా ఇదే చిక్కు. 1999లో జపాన్‌కు చెందిన సుకిటా బృందం కణాలను ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో స్థిరపరచింది. ఆ ఆమ్లం ఫాస్ఫటేజ్‌లను పనిచేయకుండా చేసింది. మొత్తం ఇ.ఆర్.ఎమ్. ప్రోటీన్లు కణద్రవ్యంలోనూ త్వచం వద్దా ఉండగా, ఫాస్ఫేట్ ఉన్నవి మాత్రం త్వచం వద్దనే కనిపించాయి. పనిచేస్తున్న వంతెనలు ఎక్కడ ఉన్నాయో అలా కంటికి కనిపించింది.

‘ఉంది’ అన్న ఫలితాన్నీ పరీక్షించాలి. నమూనాలో ఒక భాగానికి కావాలనే ఫాస్ఫటేజ్ కలిపితే పట్టీ మాయం కావాలి. మాయం కాకపోతే ఆ ప్రతిదేహం మరేదో పట్టుకుంటున్నదన్నమాట.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ఈ ప్రోటీన్లు మన ఆరోగ్యంతో ముడిపడినవి. రాడిక్సిన్ జన్యువులో దోషం వల్ల వినికిడి లోపం వస్తుంది. క్యాన్సర్ కణాలు ఇతర అవయవాలకు వ్యాపించడంలో ఎజ్రిన్ పాత్రపై పరిశోధనలు సాగుతున్నాయి. కణితిలో ఎజ్రిన్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నదని చెప్పలేం. రెండింటినీ ఒకటిగా భావిస్తే మందుల అన్వేషణే దారితప్పుతుంది.

ఆలోచించండి

‘అ’ నమూనాలో ఫాస్ఫో-ప్రతిదేహం ఇచ్చిన పట్టీ ముదురుగా, ‘ఆ’ నమూనాలో లేతగా ఉంది. ‘అ’లో ఫాస్ఫారిలీకరణ పెరిగిందని చెప్పవచ్చా? ఇప్పుడే చెప్పకూడదు. ‘అ’లో ప్రోటీనే ఎక్కువగా ఉండవచ్చు. మొత్తం ప్రోటీన్‌ను గుర్తించే రెండో ప్రతిదేహంతో కూడా పరీక్షించి, రెండింటి నిష్పత్తిని పోల్చిన తరువాతే జవాబు రాయాలి.