ఫ్రీత్రో : చేతి సాధన, మనస్సు నిబ్బరము

1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు తన విద్యార్థులకొరకు బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. ఈ ఆటయందు ఒక విచిత్రమైన ఘట్టము కలదు. అంతవరకు పరుగులిడుచు ఒకరినొకరు అడ్డగించుచున్న ఆటగాండ్రు ఆగిపోవుదురు. ప్రత్యర్థి చేసిన తప్పునకు పరిహారముగా ఒక ఆటగాడు గీతవద్ద నిలిచి, ఎవ్వరి అడ్డును లేకుండ బంతిని రింగులోనికి విసరును. దీనినే ఫ్రీత్రో అందురు. బోర్డునుండి గీతకు దూరము ఇంచుమించు 15 అడుగులు. రింగు ఎత్తు 10 అడుగులు. ఏ మైదానమునకు పోయినను ఈ కొలతలే. అయినను, ఆటయే వృత్తిగా గలవారు సైతము ఇచ్చట తడబడుచుందురు. కారణమేమి?

ముందుగా లెక్కను చూతము. రింగు వ్యాసము 18 అంగుళములు. బంతి వ్యాసము సుమారు 9½ అంగుళములు. బంతి నిట్టనిలువుగా పడినచో దానికి కావలసిన దానికంటె దాదాపు రెండింతల ద్వారము దొరకును. కాని అది ఏటవాలుగా వచ్చును. భోజనపు పళ్లెమును కంటికి ఎదురుగా పట్టి మెల్లగా వంచి చూడుడు. గుండ్రని అంచు క్రమముగా సన్నని దీర్ఘవృత్తమగును. బంతికి రింగు అట్లే ఇరుకగును. బంతి దిగు కోణముయొక్క సైన్ విలువచే 18ని గుణించినచో ఆ ద్వారపు వెడల్పు తెలియును. 45 డిగ్రీలవద్ద అది 12¾ అంగుళములకు కొంచెము తక్కువ. 30 డిగ్రీలవద్ద 9 అంగుళములే. అనగా బంతికంటెను ఇరుకు! అంచు తాకకుండ బంతి దూరజాలదు. కావున బంతిని ఎత్తుగా విసరవలెను.

2008లో సిల్వర్‌బర్గ్, ట్రాన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కంప్యూటరు సహాయముతో ఈ సమస్యను శోధించిరి. పొడగరియైన ఆటగాడు సుమారు 7 అడుగుల ఎత్తునుండి బంతిని వదలునపుడు, 52 డిగ్రీల కోణము, సెకనుకు 3 చుట్లు వెనుకకు తిరుగు భ్రమణము మేలని తేల్చిరి. ఇట్లు తిరుగు బంతి రింగునకు తగిలినపుడు, రాపిడివలన దాని ముందుకు పోవు వేగము తగ్గును. బంతి దూరముగా ఎగిరిపోక, లోపల పడుటకు అవకాశము హెచ్చును.

లెక్క తెలిసినంతమాత్రమున చేయి దానిని పాటించునా? నేర్చుకొనువాడు మొదట మోకాలు, మోచేయి, మణికట్టు - వీనినన్నిటిని వేరువేరుగా తలచుకొనును. వేలకొలది మారులు విసరిన పిమ్మట ఆ కదలికలన్నియు ఒక్కటిగా కూడుకొనును. ఈ పొందికయందు చిన్నమెదడునకు ముఖ్యమైన పాత్ర కలదు. కాని ఆట గెలుపోటములు ఒక్క బంతిపై ఆధారపడినపుడు గుండె వేగము హెచ్చి, ధ్యాస మరల మోచేతిపైకి పోవును. కంఠస్థమైన పద్యమును చదువుచు తరువాతి మాట ఏదియని ఆలోచించిన పిల్లవాడు ఎట్లు తడబడునో, ఆటగాడును అట్లే తడబడును. అందుచేతనే నిపుణులు ప్రతిమారును ఒకే క్రమమును పాటింతురు. కెనడా క్రీడాకారుడు స్టీవ్ నాష్ బంతి చేతికి రాకమునుపే వట్టిచేతులతో విసరినట్లు అభినయించెడివాడు. నూటికి 90 చొప్పున ఆయన బంతులు రింగులో పడెను.

ఇక మనస్సునకు మరియొక పరీక్ష కలదు. రిక్ బారీ అను అమెరికా ఆటగాడు బంతిని రెండుచేతులతో క్రిందినుండి పైకి విసరెడివాడు. అది ఆడపిల్లల పద్ధతియని పలువురు పరిహసించిరి. బాల్యమున ఆయనయు మొదట జంకెను. కాని తండ్రి పట్టుదలచే దానిని అభ్యసించెను. ఇందు రెండుచేతులు సమముగా కదలును. బంతి మృదువుగా దిగును. 1978-79 క్రీడాసంవత్సరమున ఆయన 169 ఫ్రీత్రోలలో 160 వేసెను.

ఏడడుగులకు మించిన విల్ట్ ఛాంబర్లెయిన్ ఫ్రీత్రోలలో మిక్కిలి బలహీనుడు. ఆయనయు కొంతకాలము ఈ పద్ధతినే అవలంబించెను. 1962 మార్చి 2వ తేదీన ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించినపుడు, 32 ఫ్రీత్రోలలో 28 ఇట్లే వేసెను. అయినను నలుగురిలో వింతగా కనబడుచున్నానను సిగ్గుతో ఆ పద్ధతిని విడిచెను. 1967-68లో ఆయన ఫలితము నూటికి 38కి దిగజారెను. తాను చేసినది పొరపాటని తరువాత తన ఆత్మకథలో ఆయనయే ఒప్పుకొనెను. బలమునకుగాని, తెలివికిగాని ఆయనకు కొదువలేదు. మేలైన దారి తెలిసియు, చూచువారు నవ్వుదురేమోయను భయమును ఆయన జయింపలేకపోయెను.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ప్రతిదినము 50 మారులు విసరి, ఎన్ని పడినవో తేదీతో వ్రాసికొనుడు. ఒకనాటి ఫలితమును చూచి పొంగవలదు, క్రుంగవలదు. నెలదినముల పట్టికను చూడుడు. పిమ్మట మైదానమును రెండు చుట్లు పరుగెత్తి, రొప్పుచున్నపుడు విసరుడు. మిత్రులను చుట్టును నిలిపి వారు కేకలువేయుచున్నపుడు విసరుడు. ఈ పట్టికలను పోల్చినచో చేతికి ఎంత సాధన కావలయునో, మనస్సునకు ఎంత కావలయునో మీకే తెలియగలదు.