'నపుంసకత్వం' నుండి 'అంగస్తంభన లోపం' దాకా: పురుష లైంగిక ఆరోగ్యం - పరిభాష, అవగాహన

వ్యాససంగ్రహం:
పురుషుల లైంగిక ఆరోగ్యాన్ని గురించి తెలుగులో వాడుకలో ఉన్న పదాలు శరీరస్థితిని కాక వ్యక్తిత్వాన్ని నిర్ణయించేవిగా ఉన్నాయి. ఈ పదజాలం చికిత్సకు ఎలా అడ్డమవుతున్నదో, అంగస్తంభనలో వచ్చే మార్పులకు వైద్యశాస్త్రం చెప్పే కారణాలేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నపుంసకత్వం, క్లైబ్యం, అంగస్తంభన, మధుమేహం, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:
మధుమేహం, పక్షవాతం, రక్తపోటు అనే మాటలు శరీరంలో ఏం జరిగిందో చెబుతాయి. రోగి ఎటువంటివాడో చెప్పవు. 'నపుంసకత్వం' అలాంటి మాట కాదు. వ్యుత్పత్తిరీత్యా అది స్త్రీత్వం, పుంస్త్వం రెండూ లేని స్థితిని సూచిస్తుంది. వ్యాకరణంలో 'నపుంసకలింగం' అన్న వ్యవహారం ఈ అర్థంలోనే ఏర్పడింది. వ్యాకరణ విభాగానికీ, ఒకరి లింగ అస్తిత్వానికీ, ఒక అవయవం పనితీరులో వచ్చిన లోపానికీ ఒకే పదాన్ని వాడటం వల్ల, వైద్యుని ముందు నోరు విప్పడమంటే తాను పురుషుణ్ణి కానని ఒప్పుకోవడమే అన్న భయం రోగిలో పాతుకుపోయింది.

2. ప్రాచీన వ్యవహారం - అర్థ పరిణామం:
ఆయుర్వేదం ఈ స్థితిని 'క్లైబ్యం' అన్నది. చరకసంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయం దీనిని బీజదోషం, ధ్వజభంగం, వార్ధక్యం, శుక్రక్షయం అనే నాలుగు కారణాలను బట్టి విభజించింది. అంటే ఆనాటి వైద్యుని దృష్టి నిందపై కాక నిదానంపై ఉన్నది. అయితే అదే పదం వైద్యేతర రచనల్లో పిరికితనానికి పర్యాయమయింది. భగవద్గీత రెండవ అధ్యాయంలో 'క్లైబ్యం' యుద్ధవిముఖుడైన అర్జునుని అధైర్యాన్ని సూచిస్తుంది. వ్యాధినామం ఈ విధంగా నైతిక దూషణగా మారింది.

ఆంగ్లంలోనూ ఇదే జరిగింది. 'ఇంపొటెన్స్' అంటే శక్తిహీనత. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1992 డిసెంబరులో నిర్వహించిన నిపుణుల సదస్సు ఆ మాటకు బదులు 'ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్' అనే పేరును సూచించింది. తృప్తికరమైన సంభోగానికి చాలినంత అంగస్తంభన కలగకపోవడం, కలిగినా నిలవకపోవడం అని దానిని నిర్వచించింది.

తెలుగులో దీనికి 'అంగస్తంభన లోపం' స్థిరపడుతున్నది. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. 'రాకపోకలు స్తంభించాయి' అనే నేటి వాడుకలో స్తంభించడమంటే ఆగిపోవడం. అందువల్ల 'అంగస్తంభన' అన్న మాటనే వ్యాధి పేరుగా పొరబడే అవకాశం ఉన్నది. 'లోపం' అన్న ఉత్తరపదాన్ని విడిచిపెట్టకుండా వాడటం అవసరం.

3. శరీరధర్మం:
అంగస్తంభన ప్రధానంగా రక్తప్రసరణకు సంబంధించిన చర్య. లైంగిక ప్రేరణ కలిగినప్పుడు నాడుల చివరల నుండి, రక్తనాళాల లోపొర నుండి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో శిశ్నంలోని స్పంజి వంటి కణజాలంలో కండరాలు సడలి, ధమనులు విప్పారి రక్తం నిండుతుంది. ఆ ఒత్తిడికి సిరలు అణగి రక్తం వెనుకకు పోకుండా నిలుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళ వ్యవస్థలో సంకేతంగా పనిచేస్తుందని కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. గుండెనొప్పి మందుగా పరీక్షించిన సిల్డెనాఫిల్‌కు అంగస్తంభన లోప చికిత్స కోసం అమెరికాలో అనుమతి లభించినది కూడా ఆ సంవత్సరమే.

4. వయసు - వ్యాధి:
వయసు పెరిగేకొద్దీ స్తంభన ఆలస్యం కావడం, స్పర్శ ఎక్కువ అవసరం కావడం, ఒక స్ఖలనానికీ మరో స్తంభనకూ మధ్య వ్యవధి పెరగడం సహజం. ఒకటి రెండు సందర్భాల్లో విఫలం కావడం వ్యాధి కాదు. మూడు నెలలు, అంతకు మించి కొనసాగితే పరీక్ష అవసరం.

అమెరికాలో 40 - 70 ఏళ్ల పురుషులపై జరిగిన మసాచుసెట్స్ అధ్యయనం (1994లో ప్రచురితం) సుమారు 52 శాతం మందిలో ఏదో ఒక స్థాయి లోపాన్ని గుర్తించింది. పూర్తి లోపం మొత్తం మీద 9.6 శాతం కాగా, మధుమేహానికి చికిత్స పొందుతున్నవారిలో 28 శాతం. మధుమేహం నాడులనూ రక్తనాళాలనూ రెండింటినీ దెబ్బతీయడమే ఇందుకు కారణం. అధిక రక్తపోటు, కొవ్వు, పొగతాగడం కూడా రక్తనాళాలకు హాని చేస్తాయి. శిశ్న ధమనులు హృదయ ధమనుల కంటే సన్ననివి కనుక పూడిక ప్రభావం ముందుగా అక్కడ కనిపించవచ్చు. అందుచేత ఈ లోపం కొందరిలో గుండెజబ్బుకు ముందస్తు సూచన. దీనిని దాచుకున్నవాడు ఆ సూచననే దాచుకున్నట్లు.

5. మనసు - మౌనం:
ఆందోళన, కుంగుబాటు, దాంపత్య వైమనస్యం కూడా ఇందుకు కారణాలే. లోపం హఠాత్తుగా మొదలై, నిద్రలోనూ వేకువనూ కలిగే స్తంభన మామూలుగానే ఉంటే మానసిక కారణాన్ని ముందుగా అనుమానిస్తారు. క్రమక్రమంగా పెరిగితే శారీరక కారణాన్ని వెతుకుతారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. వీర్యనష్టంతో బలం పోతుందన్న భయం నుండి పుట్టే బాధను భారతీయ మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాతు సిండ్రోమ్' అన్నారు.

వైద్యుని దగ్గర పలకలేని మాటను గోడమీది ప్రకటన ధైర్యంగా పలుకుతుంది. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామంటూ మందులను ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మాయాచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. అయినా 'మగతనం' పేరిట సాగే వ్యాపారం ఆగలేదు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్ వేసుకుంటే రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోవచ్చు. వైద్యుని సలహా లేని రహస్య చికిత్సలోని ప్రమాదం ఇది.

6. ముగింపు:
చరకుడు కారణాన్ని వెతికాడు. వాడుక నిందను మిగిల్చింది. ఆధునిక వైద్యం తిరిగి కారణం వైపు చూస్తున్నది. పాఠ్యగ్రంథాలు, నిఘంటువులు, పత్రికా రచనలు 'నపుంసకత్వం' అన్న మాటను వ్యాధినామంగా విడిచిపెట్టి 'అంగస్తంభన లోపం' అని వాడటం మర్యాద కోసం మాత్రమే కాదు. పేరు మారితే రోగి వైద్యుని ముందు చెప్పవలసినది తన పౌరుషాన్ని గురించి కాక తన రక్తనాళాలను గురించి అవుతుంది. తెలుగులో వైద్యపరిభాషను రూపొందించేవారు ఈ భేదాన్ని గుర్తించడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.